కొన్న ధర ఒకటి, రాసే పద్దు ఒకటి



ఫుట్‌బాల్ వార్తలు వినేవాళ్లకు ఒక మాట తరచూ చెవిన పడుతుంటుంది. ఫలానా ఆటగాణ్ని ఫలానా క్లబ్బు ఇన్ని కోట్లకు కొనుక్కుంది అని. 2023 జనవరి 31న అలాంటి కబురే ఒకటి వచ్చింది. అర్జెంటీనా కుర్రాడు ఎంజో ఫెర్నాండెజ్. అప్పటికి నెలన్నర కిందటే ఖతార్‌లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆడాడు. ఆ టోర్నీలో ఉత్తమ యువ ఆటగాడి బహుమతి అతనిదే. పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికా నుంచి అతణ్ని లండన్ క్లబ్బు చెల్సీ తీసుకుంది. ధర 12 కోట్ల 10 లక్షల యూరోలు. మన డబ్బులో వెయ్యి కోట్ల రూపాయల పైమాటే.

ఆ కబురు విన్నప్పుడు నాకు రెండు సందేహాలు వచ్చాయి. మీకూ వచ్చే ఉంటాయి. ఒక మనిషి కోసం వెయ్యి కోట్లు ఒక్కరోజున ఎక్కడి నుంచి తెచ్చారు? క్లబ్బుల ఖర్చుకు హద్దు ఉందంటారు కదా, మరి ఆ హద్దు ఏమైంది?

మొదటిదానికి జవాబు, ఒక్కరోజున తేలేదు. వాయిదాల మీద తీసుకున్నారు. రెండోదానికి జవాబు, ఆ ఏడాది పద్దులో వెయ్యి కోట్లు రాయలేదు. అందులో ఒక ముక్కే రాశారు.

ఈ రెండు జవాబులూ ఒకటే అనిపిస్తుంది. కాదండీ. రెండూ వేరు వేరు. డబ్బు కట్టడం ఒక లెక్క. పద్దు రాయడం ఇంకో లెక్క. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే చాలు, ఫుట్‌బాల్ క్లబ్బుల జమాఖర్చులు మనకు అర్థమవుతాయి. ఈవేళ చెప్పబోయేది ఆ ఒక్క సంగతే.

మా పెద్దమ్మ పాడి చేసేది. ఇంట్లో దూలానికి ఒక సంచీ వేలాడుతుండేది. అందులో ఎర్ర అట్ట పుస్తకం. పాలు పోసిన లెక్క, దాణా లెక్క, చీటీల లెక్క, అన్నీ అందులోనే. ఓసారి ముర్రా గేదెను కొంది. ధర 80 వేలు. చేతిలో అంత లేదు. ముందు 30 వేలు ఇచ్చింది. వచ్చే సంక్రాంతికి 25 వేలు, ఆపై సంక్రాంతికి ఇంకో 25 వేలు ఇస్తానంది. అమ్మినాయన సరేనన్నాడు. ఇది డబ్బు కట్టే లెక్క.

ఆ రాత్రి పెద్దమ్మ పుస్తకం తీసి ఇంకోటి రాసుకుంది. "ఈ గేదె ఐదు ఈతలు పాలిస్తుంది. ఈతకు ఏడాది చొప్పున వేసుకుందాం. అంటే ఏడాదికి 16 వేలు దీని పాల డబ్బులోంచి దీని ఖరీదుకే పోవాలి. ఆపైన మిగిలితేనే నాకు లాభం" అంది. ఇది పద్దు లెక్క.

గమనించారా? మొదటి ఏడాది ఆమె చేతి నుంచి వెళ్లింది 30 వేలు. పుస్తకంలో ఖర్చు కింద వేసుకుంది 16 వేలు. నాలుగో ఏడు వచ్చేసరికి బాకీ అంతా తీరిపోయింది. చేతి నుంచి పైసా పోదు. అయినా పుస్తకంలో 16 వేలు ఖర్చు పడుతూనే ఉంది. గేదె ఒక్కటే, లెక్కలు రెండు.

క్లబ్బులు చేసేదీ సరిగ్గా ఇదే. ముందు కట్టే లెక్క చూద్దాం.

పెద్ద పెద్ద బదిలీల్లో సొమ్ము ఒకేసారి చేతులు మారడం అరుదు. మూడేళ్లకో నాలుగేళ్లకో వాయిదాలు వేసుకుంటారు. కొంత సొమ్మును షరతు మీద పెడతారు. కుర్రాడు ఇన్ని మ్యాచులు ఆడితే ఇంత, జట్టు కప్పు గెలిస్తే ఇంత అని. ఒకేసారి కట్టిన పెద్ద బదిలీ అంటే నేమార్‌ది గుర్తొస్తుంది. 2017 ఆగస్టులో పారిస్ క్లబ్బు పీఎస్‌జీ అతని కోసం బార్సిలోనాకు 22 కోట్ల 20 లక్షల యూరోలు కట్టింది. అతని కాంట్రాక్టులోనే ఆ మొత్తం రాసి ఉంది. అది కడితేనే విడుదల. బేరం లేదు, వాయిదా లేదు. అదే నెలలో అదే క్లబ్బు ఎంబాపెను కూడా తీసుకుంది. ఈసారి కొనలేదు. మొనాకో నుంచి ఒక సీజన్‌కు అరువు తెచ్చుకుంది. కొనుగోలు మరుసటి ఏడాదికి పెట్టుకుంది. ఒకే వేసవిలో రెండు కొండలు ఎత్తలేరు కదా.

వాయిదా ఎంత గట్టిదో చెప్పే విషాదం ఒకటుంది. 2019 జనవరిలో ఫ్రాన్స్ క్లబ్బు నాంత్ నుంచి ఎమిలియానో సలాను వేల్స్ క్లబ్బు కార్డిఫ్ సిటీ కొంది. కోటి 70 లక్షల యూరోలు, వాయిదాల మీద. కొత్త ఊరికి బయల్దేరిన అతని చిన్న విమానం ఇంగ్లిష్ చానల్‌లో కూలిపోయింది. కార్డిఫ్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వెళ్లిపోయాడు. వయసు 28. బదిలీ పూర్తి కాలేదు కాబట్టి మేం కట్టనక్కర్లేదని కార్డిఫ్ వాదించింది. మొదటి వాయిదా 60 లక్షల యూరోలు కట్టాల్సిందేనని 2022లో క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు తేల్చింది. ఒక తల్లి కొడుకును పోగొట్టుకుంది. రెండు క్లబ్బుల మధ్య బాకీ మాత్రం అలాగే నిలబడింది. ఈ కేసు గురించి చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

మరి అమ్మిన క్లబ్బు సంగతేమిటి? దానికి ఇప్పుడే డబ్బు కావాలి. వాయిదాలన్నీ అందాలంటే మూడేళ్లు ఆగాలి. అప్పుడు బ్యాంకు దగ్గరికి వెళ్తుంది. "నాకు రావాల్సిన వాయిదాలు మీరే వసూలు చేసుకోండి, కొంత తగ్గించి ఇప్పుడే ఇచ్చేయండి" అంటుంది. ఇది మనకు కొత్త కాదు. మన చీటీ పాట ఇదే కదా. లక్ష రూపాయల చీటీ. ఆఖరిదాకా ఆగితే దాదాపు లక్షా చేతికొస్తుంది. ఇంట్లో పెళ్లి ఉంది. మా పెద్దమ్మ రెండో నెలలోనే పాడుకుంది. 85 వేలు తెచ్చుకుంది. 15 వేలు వదులుకుంది. తొందరకు పడిన వెల అది. యూరప్ క్లబ్బులు కూడా అలాగే వదులుకుంటాయి.

ఇక రెండో లెక్కకు వద్దాం. పద్దు లెక్క.

ఆటగాణ్ని కొన్న ధరను కాంట్రాక్టు ఎన్నేళ్లయితే అన్నేళ్లకు పంచి రాస్తారు. దీన్ని అమార్టైజేషన్ అంటారు. పేరు పెద్దది, పని పెద్దమ్మదే. గేదెకు ఐదు ఈతలు. ఆటగాడికి కాంట్రాక్టు ఏళ్లు.

ఇప్పుడు ఎంజో దగ్గరికి మళ్లీ వెళ్దాం. చెల్సీ అతనితో ఎంతకాలానికి ఒప్పందం రాసుకుందో తెలుసా? ఎనిమిదిన్నర ఏళ్లు. 2031 దాకా. 12 కోట్ల 10 లక్షల యూరోలను ఎనిమిదిన్నరతో భాగించండి. ఏడాదికి కోటి 42 లక్షలు పడుతుంది. అదే ఐదేళ్ల కాంట్రాక్టయితే ఏడాదికి 2 కోట్ల 42 లక్షలు పడేది. చూశారా? ధర అదే. మనిషి అతనే. కాంట్రాక్టు పొడుగైతే ఏడాది ఖర్చు పొట్టిదైపోయింది. అదే నెలలో షాఖ్తార్ నుంచి తెచ్చిన ఉక్రెయిన్ కుర్రాడు ముద్రిక్‌కూ ఎనిమిదిన్నర ఏళ్లే రాశారు.

మిగతావాళ్లు ఊరుకుంటారా? ఆ ఏడాది వేసవి నుంచే యూరప్ సమాఖ్య యుయెఫా ఒక నియమం పెట్టింది. కాంట్రాక్టు ఎంత పొడుగైనా రాసుకోండి, పద్దులో మాత్రం ధరను ఐదేళ్లకు మించి పంచడానికి వీల్లేదని. 2023 డిసెంబరులో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు కూడా ఓటు వేసి ఐదేళ్లకే కట్టుబడ్డాయి. ఆ తర్వాత కుదిరే ఒప్పందాలకే ఈ నియమం.

ఇంతకీ ఈ హద్దులు ఎందుకు? ఎవరి డబ్బు వాళ్లిష్టం కదా అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో లీడ్స్ కథ చెబుతుంది.

ఇంగ్లండ్ ఉత్తరాన లీడ్స్ అని పెద్ద నగరం. దానికి ఒకే పెద్ద క్లబ్బు, లీడ్స్ యునైటెడ్. 2000 నవంబరులో రియో ఫెర్డినాండ్‌ను కోటి 80 లక్షల పౌండ్లకు కొన్నారు. డిఫెన్స్ ఆటగాడికి అప్పట్లో ప్రపంచంలోనే అంత ధర లేదు. మరుసటి వసంతంలో యూరప్ మేటి క్లబ్బుల పోటీ అయిన చాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లారు. ఊరంతా పండగ. ఆ పండగ వెనక అప్పు ఉంది. రాబోయే ఏళ్లలో అమ్ముడయ్యే టికెట్ల సొమ్మును తాకట్టు పెట్టి 6 కోట్ల పౌండ్లు తెచ్చారు. ఏటా చాంపియన్స్ లీగ్ ఆడతాం, ఆ డబ్బుతో తీర్చేస్తాం అన్నది లెక్క. మళ్లీ ఆ లీగ్‌లో చోటు దొరకలేదు. లెక్క తప్పింది. ఒక్కొక్కరినే అమ్ముకుంటూ పోయారు. ఫెర్డినాండ్ వెళ్లాడు. రాబీ కీన్ వెళ్లాడు. రాబీ ఫౌలర్ వేరే క్లబ్బుకు ఆడుతుంటే అతని జీతంలో కొంత లీడ్సే కట్టింది. 2004లో జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. సొంత స్టేడియం కూడా అమ్ముకుంది. 2007లో ఇంకో మెట్టు కిందికి. మళ్లీ పై లీగ్‌కు వచ్చింది ఎప్పుడో తెలుసా? 2020లో. పదహారేళ్లు. ఆ పతనం నాడు పుట్టిన పిల్ల పదో తరగతి పూర్తి చేసేంత కాలం.

అంత దూరం వద్దు, మన హైదరాబాద్ సంగతే చూడండి. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. పసుపు చొక్కాలవాళ్లు కప్పు ఎత్తారు. రెండు సీజన్లు తిరిగేసరికి జీతాల బకాయిలు. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోవద్దని ఫిఫా నిషేధం. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లినవాళ్లను అడగండి. క్లబ్బు అంటే యజమాని సొత్తు మాత్రమేనా అని.

అందుకే హద్దులు ఉండాలి. ఆ హద్దు ఎలా ఉంటుందో చూద్దాం.

ప్రీమియర్ లీగ్‌లో 2025-26 సీజన్ దాకా పెట్టిన హద్దు నష్టం మీద. మూడేళ్లకు కలిపి 10 కోట్ల 50 లక్షల పౌండ్లకు మించి నష్టం రాకూడదు. అది కూడా అందులో ఎక్కువ భాగాన్ని యజమానులు తమ సొంత డబ్బుతో పూడిస్తేనే. ఇక్కడ పరీక్షకు వచ్చేది పద్దు లెక్క. చేతి నుంచి ఎంత పోయిందన్నది కాదు, పుస్తకంలో ఎంత పడిందన్నది. అందుకే ఇందాక ఆ తేడాను అంతగా నొక్కి చెప్పాను. కుర్రాళ్ల అకాడమీకి, మహిళల జట్టుకు, స్టేడియానికి పెట్టిన ఖర్చును ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. అది మంచి పని.

యుయెఫా పద్ధతి వేరు. అది నిష్పత్తి చూస్తుంది. రూపాయి రాబడి ఉంటే జట్టు మీద 70 పైసలకు మించి పెట్టకూడదు. జీతాలు, ధరల్లో ఆ ఏటి ముక్క, ఏజెంట్ల ఫీజులు, అన్నీ ఆ 70 పైసల్లోనే. మొదట 90 పైసలన్నారు, తర్వాత 80, 2025-26 నుంచి 70.

హద్దు దాటితే ఏమవుతుంది? 2023 నవంబరులో ఎవర్టన్ క్లబ్బుకు 10 పాయింట్లు కోసేశారు. హద్దు మీద కోటి 95 లక్షల పౌండ్లు ఎక్కువైందని. అప్పీలు మీద దాన్ని ఆరుకు తగ్గించారు. మైదానంలో చెమటోడ్చి సంపాదించిన పాయింట్లు పుస్తకం తప్పినందుకు పోయాయి.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కథ దగ్గర కొంచెం ఆగుతాను. ఇందులో మన కథ మొత్తం ఉంది.

23 ఏళ్ల తర్వాత 2022లో ఫారెస్ట్ పై లీగ్‌కు వచ్చింది. వచ్చిన వేసవిలోనే ఇరవై మందికి పైగా ఆటగాళ్లను తెచ్చుకుంది. లెక్కకొచ్చే మూడేళ్లలో రెండేళ్లు కింది డివిజన్‌లోనే ఉంది కాబట్టి దాని హద్దు తక్కువ. 6 కోట్ల 10 లక్షల పౌండ్లు. పద్దు 2023 జూన్ 30న మూయాలి. ఆలోపు ఎవరినైనా అమ్మి గండం గట్టెక్కాలి. చేతిలో ఉన్న మంచి సరుకు ఎవరు? బ్రెన్నన్ జాన్సన్. నాటింగ్‌హామ్‌లోనే పుట్టాడు. ఎనిమిదేళ్లప్పుడే క్లబ్బు అకాడమీలో చేరాడు. వాళ్ల నాన్న కూడా అదే క్లబ్బుకు ఆడినవాడే.

ఇక్కడ మళ్లీ పెద్దమ్మ పుస్తకం తెరవాలి. 80 వేలకు కొన్న గేదెను రెండేళ్లకు అమ్మిందనుకోండి. పద్దులో ఇంకా 48 వేలు మిగిలి ఉంది. 60 వేలకు అమ్మితే లాభం 12 వేలే. అదే ఇంట్లో పుట్టిన పడ్డను 40 వేలకు అమ్మితే? దానికి కొన్న ధరే లేదు. పుస్తకంలో దాని పేరున ఏమీ లేదు. 40 వేలకు 40 వేలూ లాభమే. పిల్లవాణ్ని పడ్డతో పోలుస్తున్నానని అనుకోకండి. క్లబ్బు పద్దు అతణ్ని అలా చూస్తుంది, నాకు బాధ కూడా అందుకే.

బ్రెన్నన్ జాన్సన్‌ను ఎంతకు అమ్మినా మొత్తం లాభమే. కానీ జూన్‌లో వచ్చిన ధర తక్కువ. ఆగితే ఎక్కువ వస్తుందని ఫారెస్ట్ ఆగింది. సెప్టెంబరు 1న టాటెన్‌హామ్ 4 కోట్ల 75 లక్షల పౌండ్లు ఇచ్చింది. బేరం దృష్టితో చూస్తే ఫారెస్ట్ చేసింది తెలివైన పనే. పద్దు దృష్టితో చూస్తే రెండు నెలలు ఆలస్యం. హద్దు 3 కోట్ల 45 లక్షల మేర దాటిపోయింది. నాలుగు పాయింట్లు కోశారు. ఎలాగోలా ఆ ఏడు లీగ్‌లో మిగిలింది. కుర్రాడు మాత్రం వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు న్యూకాసిల్ ఆ తప్పు చేయలేదు. 2024 జూన్ ఆఖరున ఎలియట్ ఆండర్సన్‌ను అమ్మేసింది. ఆ ప్రాంతంలోనే పుట్టి, ఆ క్లబ్బునే ఆరాధిస్తూ పెరిగిన కుర్రాడు. పంపాలని కోచ్‌కు లేదు. వెళ్లాలని అతనికీ లేదు. పద్దు అడిగింది, పంపేశారు.

ఆ నెలలోనే ఇంకో తమాషా జరిగింది. ఆస్టన్ విల్లా నుంచి ఒక కుర్రాడు ఎవర్టన్‌కు, ఎవర్టన్ నుంచి ఒక కుర్రాడు ఆస్టన్ విల్లాకు. ఇద్దరూ జూన్ 30 లోపే. ఎందుకో పెద్దమ్మ లెక్కలో చెబుతాను, చెవి పెట్టండి. ఆమె తన పడ్డను పొరుగావిడకు 40 వేలకు అమ్మిందనుకోండి. పొరుగావిడ పడ్డను 40 వేలకు కొంది. చేతులు మారిన డబ్బు సున్నా. దొడ్లో ఉన్న పశువుల సంఖ్య కూడా అదే. కానీ అమ్మినందుకు ఈ ఏడే 40 వేలు లాభం రాసుకోవచ్చు. కొన్నదాన్ని ఐదేళ్లకు పంచితే ఈ ఏటి ఖర్చు 8 వేలే. పుస్తకంలో 32 వేలు లాభం పుట్టింది. అవతలావిడ పుస్తకంలో కూడా 32 వేలు పుట్టింది. నియమం ఎక్కడా మీరలేదు.

అమ్మిన సొమ్మంతా ఒకే ఏట రాయొచ్చు, కొన్న ఖర్చు ఐదేళ్లకు పంచొచ్చు. నా దృష్టిలో తప్పంతా ఇక్కడుంది. దీనివల్లే క్లబ్బులకు సొంత ఊరి పిల్లవాడు అందరికంటే ముందు అమ్మకపు సరుకుగా కనిపిస్తున్నాడు. ఖర్చును ఐదేళ్లకు పంచినట్టే అమ్మిన లాభాన్ని కూడా ఐదేళ్లకు పంచి రాయమంటే, జూన్ 30 వచ్చిందని ఆదరాబాదరా కుర్రాళ్లను సాగనంపే అవసరం చాలావరకు తగ్గుతుంది. ఈ మాట నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇంగ్లండ్ క్లబ్బులు 2026-27 నుంచి నష్టం లెక్క వదిలి నిష్పత్తి లెక్కకు మారడానికి ఓటు వేశాయి. రాబడిలో నూటికి 85 వంతులు హద్దు. అందులో కూడా ఆటగాళ్లను అమ్మిన లాభం రాబడి వైపే చేరుతుంది. కాబట్టి అకాడమీ పిల్లల మీద పడ్డ ఆ కన్ను తొలగదు.

మా పెద్దమ్మ ఆ పడ్డను నిజంగానే అమ్మింది. చీటీ డబ్బు పెళ్లికి చాలక. కొన్నవాళ్లు పలుపు తాడు మార్చి తోలుకుపోతుంటే అది గడప దాకా వెళ్లి ఆగింది. పెద్దమ్మ దాని మెడ మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది. రాత్రి దూలానికున్న సంచీ దించి, ఎర్ర అట్ట పుస్తకంలో 40 వేలు జమ రాసింది. మర్నాడు పొద్దున అలవాటుగా రెండు తొట్లలోనూ కుడితి పోసింది.